పీట లాగిన పొద్దు

క్రిస్మస్ పొద్దున మా గడప మొదట ఎవరు దాటితే ఆ ఏడాదంతా వాళ్ల చలవే. పోయినేడు బక్కచిక్కిన గ్వోజ్దెన్ పిలవకుండా దూరాడు. మా ఆవు షారుల్య దూడ కడుపులోనే పోయింది. ఇప్పుడది మళ్లీ చూడితో ఉంది. అందుకే మా అత్త స్తమేన ముందే పొరుగింటి మిలోయెని ఖాయం చేసుకుంది. బొద్దుగా, ఎర్రగా, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడని.

తెల్లారింది. పొయ్యిలో ఓక్ మొద్దు చిటపటలాడుతోంది. మిలోయె కోసం గడియ తీసే ఉంచాం. మనిషి జాడ లేదు.

"నీ అదృష్టం ప్లమ్ సారా తాగి పడుకుందే," అన్నాడు మామ.

"నోర్ముయ్," అని అత్త అంటుండగానే తలుపు ధడాలున తెరుచుకుంది. వెండి పళ్లెం మీద బోర్లా పడుకున్న పదేళ్ల పిల్లాడు, కొండ మీది మంచుతో సహా జారుకుంటూ వచ్చి పొయ్యి దగ్గర ఆగాడు. కోటుకి బంగారు బొత్తాలు.

"క్షమించండి. ఆపడం ఎలాగో తెలీలేదు," అన్నాడు.

"కుడికాలు ముందు పెట్టాడా, ఎడమా?" అత్త నన్నడిగింది.

"ముక్కు ముందొచ్చింది అత్తయ్యా."

"ముక్కుకి కుడీ ఎడమా ఉండదులే. పనికొస్తాడు!"

గోధుమగింజలు వాడి నెత్తిన పోసింది. చేతికి ఓక్ కొమ్మ ఇచ్చింది. "మొద్దుని కొట్టు బాబూ! ఎన్ని నిప్పురవ్వలో అన్ని దూడలని కేకెయ్యి!"

వాడు రెండు చేతులా బాదాడు. రవ్వలు మామ మీసాల దాకా లేచాయి. "అన్ని దూడలు! అన్ని గొర్రెలు! అన్ని కుక్కపిల్లలు!"

"కుక్కపిల్లలొద్దు నాయనా, ఉన్నవి చాలు," అని వాడి నోట్లో గరిటెడు మీగడ పెట్టింది.

ఇక మిగిలింది పీట. వచ్చినవాడు మూడుకాళ్ల పీట మీద కూర్చోబోతుంటే వెనకనుంచి లాగెయ్యాలి. వాడు దబ్బున నేలకి కరుచుకుంటేనే వాడు తెచ్చిన అదృష్టం ఇంటిని కరుచుకుంటుంది.

అప్పుడే గుమ్మంలో ఒక కల్నల్, రొప్పుతూ. "యువరాజా వుకాన్! మీకోసం వేట బంగళా అంతా గాలిస్తున్నాం!"

మామ మొహం పాలిపోయింది. "ఒసేయ్, రాజుగారి కొడుకే! కింద పడేశావంటే మన పండగ జైల్లోనే!"

అత్త చెయ్యి పీట మీద ఆగిపోయింది. కొట్టంలోంచి షారుల్య అరిచింది.

"ఏమైంది మామ్మగారూ?" అన్నాడు పిల్లాడు. అత్త ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"రాజవంశం వాళ్లు నేలమీద పడరు!" కల్నల్ గర్జించాడు.

"కొండ మీంచి పడుతూనే వచ్చాను కల్నల్. మీరే వెనకబడ్డారు." మళ్లీ అత్త వైపు తిరిగాడు. "నేను పడకపోతే దూడ బతకదా?"

"పోయినేడు బతకలేదు నాయనా."

వాడు కోటు సర్దుకుని, సింహాసనం ఎక్కేవాడిలా గడ్డం పైకెత్తాడు. "లాగండి."

అత్త లాగింది. కల్నల్ పట్టుకోబోయి ఎగిరి దూకాడు. యువరాజు ఈ పక్క దబ్బున, కల్నల్ ఆ పక్క దబ్బున. కల్నల్ టోపీ వెళ్లి మీగడ కుండలో పడింది.

అంతలో నేలమీంచి కేరింత:

"ఇంకోసారి!"

అప్పుడొచ్చాడు మిలోయె, కళ్లు నులుముకుంటూ. "క్రీస్తు పుట్టాడు!"

"నిజంగానే పుట్టాడు. నువ్వే ఆలస్యంగా పుట్టావు," అంది అత్త.

ఈస్టర్ ముందు షారుల్య ఈనింది. కవల దూడలు.

"పడింది ఇద్దరు కదా మరి," అంది అత్త.

మొదటిదానికి వుకాన్ అని పేరు పెట్టింది. అది పొద్దస్తమానం గెంతుతుంది, పడుతుంది, లేస్తుంది. రెండోదాన్ని కల్నల్ అంటాం. దాని వెనకాలే రొప్పుతూ పరిగెడుతుంది.