తప్పు టర్బోదే

నేను ఒక టర్బోని. కారు బానెట్ ఎత్తితే ఇంజను పక్కన నత్తగుల్లలా చుట్టుకుని, వేడికి రంగు మారిపోయి కనిపించే ఇనప శాల్తీని నేనే. ఇంజను వదిలే పొగతో నాలో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని తెచ్చి ఇంజనులోకి కుక్కుతుంది. అవతలివాళ్ళు పారేసిన దానితో బతుకుతూ వాళ్ళకే బలం పెట్టే ఉద్యోగం నాది. ఇంత చేసినా, నా పేరు ఎత్తేది తిట్టడానికే.

ఎంత గాలి తోయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ కూడా నాకు లేదు. నా పక్కన ఒక చిన్న కడ్డీ ఉంది. అది కదిలితేనే నేను ఊపందుకుంటాను. ఆ కడ్డీని లాగేది గాలి పీల్పు. ఆ పీల్పును ఎంత వదలాలో చూసుకునేది ఒక వాల్వు. వాల్వు దగ్గర నుంచి ఆ పీల్పు కడ్డీ దాకా రావడానికి ఉన్న దారి, చిటికెన వేలి కంటే సన్నటి రబ్బరు గొట్టం ఒక్కటే. ఈ గొట్టాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. నా గోడంతా దాని గురించే.

పుట్టింది ఫ్యాక్టరీలో. గిరగిరా తిప్పి, తూకం సరిచూసి, భేషుగ్గా ఉందని పంపారు. మొదటి యజమాని విశాఖపట్నంలో పళ్ళ డాక్టరు. కొండలెక్కే కారే కావాలని పట్టుబట్టి కొని, ఫ్లైఓవరు ఎక్కి దిగడంతో సరిపెట్టుకున్న మనిషి. ఆయన దగ్గర నాకు బద్ధకం అలవాటైంది. ఆయన అమ్మేశాక సాలూరులో ట్యాక్సీ నడిపే గౌరునాయుడి చేతికొచ్చాను. అతను ఘాట్ రోడ్డు మీదుగా కొండపైన సంతలకు జనాన్ని తీసుకెళ్తాడు. అక్కడే నా సత్తా ఏమిటో నాకు తెలిసింది. అక్కడే నా పరువూ పోయింది.

ఆ ఘాటీ మలుపుల్లోనే గౌరునాయుడి తండ్రి లారీతో సహా లోయలో పడి చనిపోయాడు. అందుకే అతని తల్లి సన్యాసమ్మకు ఆ రోడ్డంటే వణుకు. కొడుక్కి ఇంకో పని రాదు, వద్దనలేదు. కారు ఇంటికొచ్చిన రోజే దిష్టితాడు పట్టుకుని బానెట్ ఎత్తించింది. బంపరుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టడం అందరూ చేసేదే. ఆవిడకు అది చాలలేదు.

"బిడ్డకి తాడు మెడలోనే కడతాం గదేటి. దీనికీ లోపలే కట్టాల," అంది.

లోపల అంతా కాలే ఇనుమే. తాడు చుట్టడానికి వీలుగా, మెత్తగా ఆవిడ చేతికి తగిలింది ఆ రబ్బరు గొట్టం. మంత్రించిన నల్లటి నూలుతాడు దానికి చుట్టి, పళ్ళు బిగించి ముడి వేసింది.

తొలి వానకే తాడు తడిసి బిగుసుకుంది. చల్లగా ఉన్నంతసేపూ గొట్టం ఎలాగో ఓర్చుకునేది. ఘాటీ ఎక్కుతూ ఇంజను కాగేసరికి రబ్బరు మెత్తబడి, తాడు నొక్కిన చోట మూసుకుపోయేది. పీల్పు అందదు, కడ్డీ కదలదు, నేను గాలి తోయలేను. గౌరునాయుడి కళ్ళ ముందు, స్టీరింగు వెనక హెచ్చరిక పసుపు దీపం వెలిగేది, బండి చతికిలబడేది. వెనకాల లారీల హారన్లు, పక్కన లోయ.

అతను ఎలాగో కొండ దిగి మెకానిక్ జిలానీ షెడ్డుకు వచ్చేవాడు. జిలానీ మంచి పనిమంతుడు, గౌరునాయుడితో కలిసి చదువుకున్నవాడు. స్కానర్ తగిలిస్తే, గాలి ఒత్తిడి తక్కువ అని చూపించేది. తక్కువని నాకు మాత్రం తెలియదా? ఎందుకు తక్కువో చెప్పి చావవే అని లోపల ఉడికిపోయేదాన్ని. జిలానీ ముందు సెన్సారు మార్చాడు. లాభం లేక వాల్వు మార్చాడు. తర్వాత గాలి పీల్చే చిన్న చేతి పంపు తెచ్చి నేరుగా నా కడ్డీకే తగిలించి పీల్చాడు. కడ్డీ చక్కగా కదిలింది. వాల్వు మూతి దగ్గర వేలు పెట్టి చూశాడు. పీల్పు బ్రహ్మాండంగా ఉంది. ఈ చివర బాగుంది, ఆ చివర బాగుంది, మధ్యలో జానెడు గొట్టం సంగతి ఎవరికీ పట్టలేదు. తాడు అతనికి కనపడక కాదు. కనపడింది కాబట్టే ఆ చోటు ముట్టుకోలేదు. పని మొదలుపెట్టే ముందు ఒక్కసారి దానికి చెయ్యెత్తి దండం పెట్టి, పక్కనుంచి పని కానిచ్చేవాడు.

ఇక సన్యాసమ్మ సంగతి. బండి ఆగిందని తెలిసినప్పుడల్లా, దిష్టి ఇంకా వదల్లేదని మరో తాడు తెచ్చి అదే చోట కట్టేది. తాళ్ళు పెరిగినకొద్దీ బండి ఆగేది, బండి ఆగినకొద్దీ తాళ్ళు పెరిగేవి. నేను ఈల వేశాను, మూలిగాను, నల్లటి పొగ కక్కించాను. ఒక్కరికీ అర్థం కాలేదు.

ఒక సంత రోజున బండి నిండా జనం. ఘాటీలో ముందు పోతున్న ట్రాక్టరును దాటబోయాడు గౌరునాయుడు. సగం దాటాడో లేదో నా ఊపిరి ఆగిపోయింది. మలుపు తిరిగి లారీ ఎదురొచ్చింది. అతను బండిని ఒక్కసారిగా కొండవైపు తిప్పేశాడు. పక్క అద్దం రాతికి తగిలి ఊడిపోయింది. మనుషులకేమీ కాలేదు. అందరూ దిగాక అతను రోడ్డు పక్కన కూలబడ్డాడు.

"దరిద్రపు టర్బో. నన్ను మా అయ్య కాడికి పంపీదాకా ఒగ్గదు," అన్నాడు.

నాకు చేతులుంటే ఆ తాళ్ళన్నీ పీకి అతని ఒళ్ళో పడేసేదాన్ని. అతను చస్తాడేమోనని అతనికంటే నాకే ఎక్కువ భయం వేసింది.

"ఇంక మిగిలింది టర్బోయే. మార్చీద్దాం," అన్నాడు జిలానీ. కొత్తది డబ్బాలో వచ్చేసింది. ఆ రోజు సన్యాసమ్మ కూడా కొత్త తాడు పట్టుకుని షెడ్డుకు వచ్చింది. నన్ను విప్పాలంటే ముందు గొట్టం ఊడదియ్యాలి, గొట్టం రావాలంటే తాళ్ళు పోవాలి. జిలానీ కత్తెర అందుకుని, మళ్ళీ కింద పెట్టేశాడు.

"అమ్మా, ఇవి నేను తెంపకూడదు. మీరు కట్టినవి మీ చేత్తోనే విప్పండి," అన్నాడు.

ఆవిడ గోళ్ళతో ఓపికగా ఒక్కొక్క ముడీ విప్పింది. తాళ్ళు పోయినా గొట్టం అక్కడ అప్పడంలా అణిగిపోయి ఉంది. జిలానీ దాన్ని ఊడదీసి నోట పెట్టి ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి తప్ప గాలి అవతలికి రాలేదు. దాన్ని గౌరునాయుడికి ఇచ్చాడు. అతనూ ఊదాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏటి బావూ, ఏటైనాది?" అంది సన్యాసమ్మ. విప్పిన తాళ్ళు ఆవిడ గుప్పిట్లో ఉన్నాయి.

చెప్పండ్రా, ఇప్పుడైనా నోరు విప్పి నిజం చెప్పండ్రా అని నేను తహతహలాడిపోయాను. గౌరునాయుడు ఆ గుప్పిటి వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, స్పానరుతో నన్ను ఒక్కటి కొట్టాడు.

"ఏట్నేదమ్మా. గొట్టం పాతబడిపోనాది, అంతే. తప్పు ఈ టర్బోదే. జిలానీ బాగుసేసీస్తాడు," అన్నాడు.

జిలానీ కొత్త టర్బోను డబ్బాలోంచి తీయనే లేదు. నాకు కొత్త గొట్టం తొడిగి, బానెట్ మూసి, "ఇంజను వేడికి తాడు మాడిపోతాదమ్మా. ఈసారి స్టీరింగుకి కట్టండి, ఆడి చెయ్యి ఎప్పుడూ దాని మీదే ఉంటాది," అన్నాడు. ఆవిడకు ఆ మాట నచ్చింది.

మర్నాడు ఎక్కడా ఆగకుండా ఘాటీ ఎక్కించాను. మెచ్చుకున్న నాథుడు లేడు. ఇన్నాళ్ళూ గౌరునాయుడు నన్ను తెలియక తిట్టాడు. షెడ్డులో ఆ రోజు మాత్రం తెలిసి తిట్టాడు. ఇప్పటికీ బండి కదిలే ముందు సన్యాసమ్మ వచ్చి బానెట్ మీద అరచేత్తో చరుస్తుంది.

"మల్లీ నా కొడుకుని దారిలో నిలబెట్టీకు," అంటుంది.

నాకు ఒళ్ళు మండుతుంది. గౌరునాయుడు మాత్రం ఆవిడ వైపు చూడకుండా తాళం తిప్పుతాడు.