మోరీ అవతలి మనిషి

ఆరువందల చపాతీల్లో నాలుగువందలు అయ్యాయి. శ్యామలమ్మ పెనం మీది చపాతీ తీసి గంపలో వేసి, నుదుటి చెమట భుజానికి తుడుచుకుంది. ఆమె ఎడమ మణికట్టు పూర్తిగా తిరగదు. బరువంతా కుడిచేతి మీదే మోపి ఒత్తుతుంది. అందుకే ఇబ్రహీంపట్నం దాటాక ఉన్న ఆ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో చపాతీలన్నీ ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా ఉంటాయి. తినే పిల్లలకు ఆ సంగతి ఎక్కడ పడుతుంది, పప్పులో ముంచుకుని మింగడమే గాని.

ఆ మణికట్టు విరిచింది ఆమె మొగుడు ఎల్లస్వామి. అప్పట్లో లారీ నడిపేవాడు. తాగకపోతే నోట్లో నాలుక లేని మనిషి. తాగని రోజేది కనక! కూరలో ఉప్పెక్కువైందని ఒకనాడు చేయి పట్టి మెలితిప్పాడు. ఆ చప్పుడు పక్కగదిలో చదువుకుంటున్న బిడ్డ రేణుకకు కూడా వినబడింది.

విడాకులు తీసుకొమ్మని అందరూ చెప్పారు. "బిడ్డకింక పెండ్లి గాలే మేడం. నాకు విడాకులొద్దు, వాని దెబ్బలూ వద్దు" అని లాయరమ్మ ముందు కూర్చుంది శ్యామలమ్మ. లాయరమ్మ ఇంకో దారి చూపించింది. పెళ్లి పెళ్లిగానే ఉంటుంది, ఒకే ఇంట్లో కాపురం చేయాల్సిన బాధ్యత మాత్రం ఉండదు, వేరుగా ఉండమని కోర్టే కాగితం ఇస్తుంది. ముందుముందు మనసు మారితే మళ్లీ కలిసి బతకొచ్చు, ఎవరూ అడ్డుపడరు. అదంతా ఆమె రెండుసార్లు విడమరిచి చెప్పింది. శ్యామలమ్మకు బాగానే అర్థమైంది.

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడంటారు. శ్యామలమ్మ రెండు చోట్లా ఏడవలేదు, బొంకింది. తీర్పు వచ్చిన రోజు కోర్టు మెట్ల దగ్గర ఇంగ్లీషు కాగితాలు అతని ముఖం ముందు ఆడించి, "నా గడప తొక్కితే నిన్ను జైల్లేస్తరని జడ్జి రాసిండు. మా ఇంటి ముంగటి మోరీ దాటకు" అంది. ఎల్లస్వామి ఆ కాగితాల వంక చూసి తలూపాడు. జడ్జి అలాంటి ముక్క ఒక్కటీ రాయలేదు. ఆ అబద్ధమే తలగడ చేసుకుని ఆమె ఎన్నో ఏళ్ల తర్వాత కంటినిండా నిద్రపోయింది.

అది జరిగి తొమ్మిదేళ్లు. రేణుక పెళ్లై బడంగ్‌పేటలో కాపురముంటోంది. ఎల్లస్వామికి కడుపు పాడై, దవాఖానలో నెల రోజులు పడుకుని లేచాక, మందు మానేశాడు. మానేసి ఐదేళ్లయింది. ఇప్పుడు వేరే కాలేజీకి బస్సు నడుపుతాడు, అక్కడి గెస్ట్‌హౌస్ వాచ్‌మన్ మత్తయి పక్కగదిలో ఒక్కడే ఉంటాడు. అప్పట్నుంచీ ప్రతి శనివారం సాయంత్రం సంచిలో కూరగాయలు తెచ్చి, గేటు ముందరి మురుగుకాలవ, ఆ మోరీ అవతల నిలబడి, చేయి చాచి గేటుకు తగిలిస్తాడు. "తిన్నవా?" అంటాడు. "తిన్న" అంటుంది. వెళ్లిపోతాడు.

పోయిన శనివారం జోరున వాన. రేకుల చూరు కింద ఎవరిదో మేక వచ్చి నిలబడింది. మోరీ అవతల ఎల్లస్వామి తడిసి ముద్దై, దగ్గుతూ నిలబడ్డాడు. చూరుకూ అతనికీ నడుమ రెండడుగులు. మేకకు ఉన్న చోటు మొగుడికి లేకుండా పోయిందే అనుకుంది శ్యామలమ్మ. అనుకుని కూడా లోపలికి పిలవలేదు. ఆ వారమంతా అన్నం సయించలేదు.

"పెనం మీద మాడుతున్నది చూడు, శ్యామలా" అంది పక్కన ఉండలు చేస్తున్న బుగ్గమ్మ. "ఏం ఫికర్ వెట్టుకున్నవే?"

"ఏం లేదక్కా. ఒకరికొక మాట చెప్పాలె. ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు."

"నోటితోనే చెప్పాలె" అని బుగ్గమ్మ ఇంకో ఉండ ఆమె ముందుకు తోసింది.

శ్యామలమ్మకు ఎల్లస్వామి మీద భయం పూర్తిగా పోలేదు. ఇప్పటికీ పక్కన ఎవరు చెయ్యెత్తినా ఆమె మెడ ముడుచుకుంటుంది. కానీ భయం కంటే ఆ బొంకే ఇప్పుడు ఎక్కువ బరువైంది. ఇవాళ చెప్పేయాలి. లోపలికి పిలవాలి. చెప్పాక కోపం తెచ్చుకుని మళ్లీ ముఖం చూపించకపోతే ఏం చేయాలన్నది ఒక్కటే గుబులు. మిగిలిన రెండువందల చపాతీలూ ఆ గుబులుతోనే ఒత్తింది.

సాయంత్రం మళ్లీ వాన పట్టుకుంది. ఎల్లస్వామి వచ్చాడు. చెంపలు లోపలికి పోయి, గడ్డం తెల్లగా మాసి ఉంది. దగ్గుతూనే సంచి గేటుకు తగిలించాడు.

"తిన్నవా?"

"తినలె" అంది శ్యామలమ్మ. ఐదేళ్లలో ఆ జవాబు మారడం అదే మొదటిసారి. "లోపలికి రా. తడుస్తున్నవ్."

అతను కదల్లేదు. ఆమె గేటు పట్టుకుని ఒక్క ఊపిరిలో చెప్పేసింది. "జైలు లేదు, ఏం లేదు. జడ్జి గట్ల రాయలే. నేనే బొంకిన."

ఎల్లస్వామి ముఖం మీది నీళ్లు తుడుచుకున్నాడు. "నాకెరికే" అన్నాడు.

"ఎప్పటిసంది?"

"మందు మానినంక. లాయర్ దగ్గర పనిజేసే అమరేందర్ సార్ సదివి చెప్పిండు. రావద్దని యాడ లేదన్నడు."

"మరెందుకు రాలె?"

"నువ్వు రావద్దన్నవ్ గద" అన్నాడతను. "కాగితంల ఏం రాస్తే నాకేంది."

శ్యామలమ్మ మనసులో లెక్కేసుకుంది. ఐదేళ్లు. రెండువందల యాభై శనివారాలు ఈ మనిషి తెలిసీ ఆ మోరీ అవతలే నిలబడ్డాడు. ఒక్కసారి కూడా ఎదురడగలేదు. ఆమె గేటు తెరిచి పట్టుకుంది. అతను తన బురద కాళ్ల వంక, ఒంటికి అంటుకున్న ఖాకీ చొక్కా వంక చూసుకున్నాడు.

"ఇట్ల గాదు" అన్నాడు. "రేపు ఐతారం. తానం జేసి, మంచిగొస్త. ఏమన్న వండు."

"ఏం వండాలె?"

"ఏదైనా సరే. ఉప్పు ఎక్కువైనా తింట" అన్నాడు. తల దించుకుని, దగ్గుతూ వానలోకి వెళ్లిపోయాడు.

పొద్దున్నే ఆమె కోడికూర పొయ్యి మీదికి ఎక్కించింది. రెండు పళ్లేలు కడిగి బోర్లించింది. ఎనిమిది గంటలకు గేటు చప్పుడైతే, ఇంత తొందరగా వచ్చాడా అని కొంగు సర్దుకుంటూ వచ్చింది. వచ్చింది మత్తయి.

"అక్కా, ఎల్లస్వామి లేస్తలేడు" అన్నాడు. "డాక్టర్‌ను తోల్కొచ్చిన. నిద్రలోనే పోయిండంట."

పొయ్యి ఆర్పి అతని బండెక్కింది. ఆ గది ముందు పదిమంది గుమిగూడారు. ఈమె ఎవరని ఎవరో అడిగితే, "ఆయన భార్య" అన్నాడు మత్తయి. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. తొమ్మిదేళ్లకు ఆ మాట వినేసరికి శ్యామలమ్మ ఎల్లస్వామి కాళ్ల దగ్గర కూలబడి బావురుమంది. ఒక్క వారం ముందు పిలవలేకపోయానే అని నేల కొట్టుకుంటూ ఏడ్చింది.

"రాత్రి అంత జ్వరంల సుత ఉతుకుడు వెట్టిండు అక్కా" అన్నాడు మత్తయి. "వద్దన్నా ఇనలే. రేపు మా ఇంటికి పోవాలె అన్నడు."

ఆమె తలెత్తి చూసింది. గదికి అడ్డంగా కట్టిన తాడు మీద, ఫ్యాను గాలికి, ఒక తెల్ల చొక్కా మెల్లగా కదులుతోంది. కాలరు దగ్గర ఇంకా తడి ఆరలేదు.