మారెక్క వేలిగీతలు

తొలకరి ముంగారు వాన పడిన మర్నాడు ఆ ఊళ్ళో పొద్దున్నే వినపడే పేరు మారెక్కది. విత్తే గొర్రు కట్టిన ప్రతి ఇంటివాళ్ళూ ఆమె గడప దగ్గరికే వస్తారు. "మారెక్క ఉండాదా? ఈ పొద్దు మా చేన్లోకి రమ్మను" అంటూ ఒకరి మీద ఒకరు పోటీ. కొత్తచెరువుకు ఆరు మైళ్ళ దూరంలో, రాళ్ళగుట్టల మధ్య ఉన్న ఊరది. ముందు ఎద్దులు, వాటి వెనక గొర్రు, గొర్రు వెంట ఒళ్ళో వేరుశనగ గింజలు కట్టుకుని మారెక్క. గొర్రు గొట్టంలోకి ఒక్కో గింజనూ వేళ్ళ సందునుంచి జారవిడుస్తూ సాయంత్రం దాకా నడుస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఆమెది అదే పని. ఆమె వేసిన గింజ మొలవకపోవడం ఎవరూ చూడలేదు. మొలిచాక వాన మొహం చాటేస్తే అది మారెక్క తప్పు కాదు కదా.

ఒకటే చిక్కు. గొర్రు ఎంత తిన్నగా తోలినా ఆమె వేసిన చేను గుండ్రంగా మొలుస్తుంది. నడుమ ఒక మొక్క, దాని చుట్టూ చుట్టలు చుట్టలుగా సాళ్ళు. ఎదురుగా ఉన్న గుట్ట ఎక్కి చూస్తే ఊరి చేలన్నీ ఎవరో బొటనవేలు ముద్రలు వేసిన కాగితాల్లా కనిపిస్తాయి. కలుపు తీయడానికి గుంటక తోలేవాళ్ళు తల తిరుగుతోందని గొణుక్కునేవారు. అంతకు మించి ఎవరూ ఏమీ అనేవారు కాదు. అనడానికి ఏముంది, మారెక్క వేసిన చేను అలాగే మొలుస్తుంది.

గీతలన్నీ అందరి చేలకూ పోసేశాక ఆమె వేళ్ళ మీద మాత్రం ఏం మిగలలేదు. పదివేళ్ళూ తోమిన గిన్నె అడుగులా నున్నగా ఉండేవి.

మారెక్కకు సొంత చేను లేదు. మొగుడు పోయిన దగ్గరినుంచి మరిది బాలప్ప ఇంట్లో ముందరి గదిలో ఉంటోంది. ఎండాకాలం గుట్టల మీద కందకాలు తవ్వే ఉపాధి పనికి పోతుంది. కార్డు బాలప్పది, ఖాతా బాలప్పది, కాబట్టి ఆమె తవ్విన కూలీ కూడా ఆ ఖాతాలోనే పడుతుంది. బాలప్ప చెడ్డవాడు కాదు. అడిగితే ఇస్తాడు. కాకపోతే అడగాలి. వందకు ఒకసారి, యాభైకి ఒకసారి, ఎందుకో చెప్పి అడగాలి. అలా చిల్లరగా చేతికొచ్చిన డబ్బు ఏనాడూ ఒకచోట నిలవలేదు. ఒక్క ఎకరం గుత్తకు తీసుకుని, ఒక్కసారి తన కోసం తాను విత్తుకోవాలని ఆమెకు పదేళ్ళుగా కోరిక. ఆ కోరిక మరిదిని అడిగి తీర్చుకునేది కాదు.

అందుకే ఆ కార్తీకంలో బ్యాంకు పని చూసే అంజలి వేలిముద్రతో ఖాతా తెరిచే చేతిమిషన్ పట్టుకుని ఊళ్ళోకి వస్తోందని తెలిసినప్పుడు, మారెక్కకు రెండు రోజులు అన్నం సయించలేదు. సంతోషం అలాంటిది.

రామాలయం అరుగు మీద ఖాతాలేని ఆడవాళ్ళు పద్నాలుగుమంది వరసగా కూర్చున్నారు. ఒక్కొక్కరూ వేలు పెట్టడం, మిషన్ పచ్చలైటు వెలగడం, పక్కనున్నవాళ్ళు నవ్వడం. పదమూడో మనిషి తిప్పమ్మ వేలు పెట్టి, లైటు వెలగ్గానే "నాదీ మొలిచినాది" అంది. అందరూ పడీపడీ నవ్వారు. చివరగా మారెక్క కూర్చుంది. వేలు పెట్టింది. ఎర్రలైటు. ఇంకో వేలు. ఎర్రలైటే.

అంజలి మిషన్ అద్దాన్ని వాసన చూసింది. "ఏం పూసుకున్నావు పెద్దమ్మా?"

"ఆముదం. రాత్రంతా నానబెట్టినా. గీతలు ఉబ్బుతాయని ఈ తిప్పమ్మే చెప్పింది."

"ముడతలు పోతాయంటే గీతలు వస్తాయేమో అనుకుంటి" అని తిప్పమ్మ తల గోక్కుంది.

సబ్బుతో కడిగారు, బూడిదతో కడిగారు, పదివేళ్ళూ పెట్టి చూశారు. కళ్ళు చూపిద్దామంటే రెండు కళ్ళలోనూ పొర. అంజలి గడియారం చూసుకుంది. మూడున్నర అయింది.

"కొత్త ఉపాధి కార్డులకు పేర్లు ఎక్కించేది ఈ పొద్దే ఆఖరు పెద్దమ్మా. ఐదు గంటల్లోగా నీ ఖాతా నెంబరు ఆఫీసుకు పోతే నీ పేరు మీద కార్డు వస్తాది. లేకపోతే మళ్ళీ ఏడాది దాకా బాలప్పన్న కార్డే."

మళ్ళీ ఏడాదంతా మారెక్క వందకూ యాభైకీ మరిది ముందు నిలబడాలి. నున్నటి వేళ్ళను చూసుకుంది. చూస్తూ చూస్తూ చటుక్కున లేచి నిలబడింది.

"గీతలు యాడికీ పోలేదు పాపా. ఇంకా పెరకని నారాయణప్ప చేన్లో ఉండాయి. పోయి తెచ్చుకుందాం పద."

అంజలిది కూడా ఆ చుట్టుపక్కల ఊరే, కాబట్టి ఆమె ఎలాగని అడగలేదు. మిషన్ వైపు మాత్రం చూసింది. "బిరీన పోదాం. ఛార్జింగు పదకొండే ఉండాది."

పద్నాలుగుమంది ఆడవాళ్ళు, మిషన్‌ను ఒళ్ళో బిడ్డలా ఎత్తుకున్న అంజలి, ఏమైందో తెలియక వెంటపడిన రెండు కుక్కలు. అందరూ చేల గట్ల మీద పరుగులాంటి నడక. మారెక్క అందరికంటే ముందుంది. ఆమె కాళ్ళు అంత వేగంగా కదలగా ఊరు ఎప్పుడూ చూడలేదు, ఎప్పుడూ గొర్రు వెనకే నడిచిన కాళ్ళు మరి.

నారాయణప్ప గట్టు మీద నిలబడి మర్నాటి పని లెక్కలో ఉన్నాడు. నాలుగేళ్ళ తర్వాత కాయ నిండిన పంట. తెల్లారితే చెట్లు పెరకాలి. గుంపును చూసి ఎదురొచ్చాడు.

"నడుమ చెట్టు ఒకటి పెరుక్కుంటా అన్నా" అంది మారెక్క.

ఆయన మొహం మారిపోయింది. ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. విత్తిన చెయ్యి పెరకకూడదు. పెరికితే చేతివాసి పోతుందని నమ్మకం. అందుకే ముప్పై ఏళ్ళలో మారెక్క ఒక్క చెట్టయినా పెరకలేదు. పంట తీసే రోజుల్లో ఆమెను చేల దగ్గరికే రానిచ్చేవారు కాదు.

"నీకేమన్నా బుద్ధుండాదా మారెక్కా? నీ చేతివాసి పోతే వచ్చే ఏడు ఊరికి ఇత్తనం ఎవరేస్తారు?"

"పోతే పోనీ. ఇన్నేండ్లూ నా చెయ్యి మీ చేన్లల్లోనే ఉండిపాయ. నా చెయ్యి నాకియ్యన్నా."

ఆమె గొంతు పెంచలేదు. నారాయణప్ప తల అడ్డంగా తిప్పాడు. "కాదు. ఊరంతా నన్ను తిడతాది."

తిప్పమ్మ గట్టు మీద చతికిలబడి కాళ్ళు చాపుకుంది. "అయితే రేప్పొద్దున పెరికేదానికి నేను రాను. ఆముదం సంగతి నా మీద ఉండాది, ఈ బాకీ నేనే తీర్చల్ల." ఆమె పక్కన ఇంకొకామె కూర్చుంది. ఆ పక్కన మరొకామె. పదమూడుమందీ గట్టంతా నిండిపోయారు. నారాయణప్ప గట్టును చూశాడు, పంటను చూశాడు, గుట్టల మీద ముసురుతున్న మబ్బును చూశాడు. వానొస్తే కాయ భూమిలోనే మొలకెత్తుతుంది.

"ఒక్క చెట్టే" అన్నాడు.

మారెక్క చుట్టలు చుట్టలుగా ఉన్న సాళ్ళ వెంట లోపలికి నడిచింది. నడుమ మొక్క దగ్గర వంగింది. మొదలు పట్టుకుని, కళ్ళు మూసుకుని లాగింది. ఎర్రమట్టి విడిచింది. గుత్తులు గుత్తులుగా కాయలతో చెట్టు పైకొచ్చింది. ఆమె చేతివేళ్ళలో చీమలు పాకినట్టు అనిపించింది. చేనంతా గాలి తగిలినట్టు ఒకసారి కదిలి, గుండ్రటి సాళ్ళు మెల్లగా విప్పుకుని ఈ గట్టునుంచి ఆ గట్టు దాకా తిన్నగా నిలబడ్డాయి.

"సాళ్ళు సరైనాయి" అన్నాడు నారాయణప్ప. ఇక పెరకడం సులువని ఆయనకు లోలోపల సంతోషమే.

మారెక్క బొటనవేలి మీద మట్టిని కొంగుతో తుడిచింది. చుట్ట మీద చుట్ట, కొత్తగా గీసినట్టున్న గీతలు. అంజలి మిషన్ చాచింది. ఛార్జింగు మూడు. సిగ్నల్ కోసం ఇద్దరూ పక్కనున్న బండ ఎక్కారు. మారెక్క వేలు పెట్టింది. గట్టు మీద కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు.

పచ్చలైటు.

ఆ కేకలకు కుక్కలు బెదిరి ఊళ్ళోకి పారిపోయాయి. తిప్పమ్మ మారెక్కను ఎత్తి గిరగిరా తిప్పింది. ఐదు గంటలకు పది నిమిషాలుండగా నెంబరు ఆఫీసుకు చేరింది, మిషన్ ఆరిపోయింది.

ఆ ఎండాకాలం తవ్విన కందకాల కూలీ మారెక్క ఖాతాలోనే పడింది. ఎవరినీ అడగకుండా అది అక్కడే నిలిచింది. ముంగారు వాన పడే నాటికి తిప్పమ్మ వాళ్ళ ఎకరం గుత్తకు తీసుకుంది. ఎద్దులు బాలప్పవే, గొర్రు తోలింది కూడా బాలప్పే. గింజలు వేస్తున్నంతసేపూ మారెక్కకు ఒకటే దిగులు. చేతివాసి ఉందో పోయిందో తెలియదు. ఉంటే గీతలు మళ్ళీ మట్టిలోకి పోతాయేమో.

పదో రోజు పొద్దున్నే గుట్టెక్కి చూసింది. ఒక్క గింజా తప్పకుండా అన్నీ మొలిచాయి. సాళ్ళన్నీ తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి. తన చేయి విప్పి చూసుకుంది. గీతలు వేళ్ళ మీదే ఉన్నాయి. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

ఆ వారం అంజలి వచ్చినప్పుడు మారెక్క అందరికంటే ముందు కూర్చుంది. వేలు పెట్టగానే పచ్చలైటు వెలిగింది.

"ఆ అద్దంలో ఏమని రాసుండాది పాపా?"

"నీ పేరే పెద్దమ్మా."

వెనకనుంచి బాలప్ప గొంతు సవరించుకున్నాడు. "వదినా, ఎద్దులకు తవుడు తేవల్ల. ఐదునూర్లు ఉంటే..."

"అడిగితివి కదా, ఇస్తాలే" అని మారెక్క బొటనవేలును కొంగుతో తుడుచుకుని, తొందరేమీ లేకుండా ఇంకోసారి అద్దం మీద పెట్టింది.