రెండో వైపు

"కాలరు సరిగ్గా ఇస్త్రీ చెయ్యి. ఫొటోలు తీస్తారు," అన్నాడు భర్త అద్దంలో చూసుకుంటూ. ఆమె చేసింది. నగరానికి వస్తున్న కొత్త ట్రాములకు రంగులు కూర్చిందీ తనే, ఆ రంగుల పక్కన నిలబడి మురిసేవాడి చొక్కా మడతలు తీసేదీ తనే. ఒళ్లు మండింది గానీ, ఇవాళ ఆ మంట హాయిగానే ఉంది.

ఇద్దరిదీ ఒకే డిజైన్ ఆఫీసు. ఆయన పై అధికారి. చూపు మందగించిన అత్తగారు స్టాపులో తలుపెక్కడుందో తెలియక పాత ట్రామును తడుముకోవడం చూసి, ఏడు నెలలు వంటింటి బల్ల మీద గీసి, ముదురు నీలం ట్రాముకు తలుపులు మాత్రం నిమ్మపండు పసుపు చేసింది. ఆ అత్తగారే "మావాడి బుర్రే బుర్ర" అని ఊరంతా చెప్పుకొచ్చింది. ఆయనేమో కాగితం మీద తన పేరొక్కటే పెట్టుకుని, ట్రాముల కమిటీ ముందు "మా ఆవిడా? ఏదో రంగులద్దుతుంది" అని అందర్నీ నవ్వించాడు. సిగ్గులేకుండా తనూ నవ్వింది. ఆ నవ్వుకే తనను తాను క్షమించుకోలేకపోయింది.

ఆయన పట్టుకెళ్లింది ఒక వైపు బొమ్మే. రెండో వైపు వేరే గీశానని చెప్పబోతే, "తిరగేస్తే అదే రెండో వైపు. నాకు నేర్పకు," అన్నాడు. ఈ ట్రాముకు రెండు వైపులా తలుపులు ఎదురెదురుగా ఉండవు. పెయింటర్లు అడిగినా "కాగితంలో ఉన్నట్టు వెయ్యండి" అన్నాడట. ఆమె మళ్లీ నోరెత్తలేదు.

ప్రారంభోత్సవంలో షెడ్డులోంచి మొదటి ట్రాము రాగానే చప్పట్లు మోగాయి. ఎక్కడానికి అందరూ అవతలి ప్లాట్‌ఫారం మీదికి వెళ్లారు. ఆ వైపు పసుపంతా తలుపుల్లేని చోట ట్రాము గోడ మీద పడింది, తలుపులు నీలంలో కలిసిపోయాయి. ముందుగా ఎక్కాలని వచ్చిన అత్తగారు నేరుగా పసుపు దగ్గరికెళ్లి తడుముతూ, "తలుపేదిరా?" అంది.

చీఫ్ ఇంజనీరు ముఖం ఎర్రబడింది. "ఎవరు చూశారిది?"

భర్త ఆమె వైపు తిరిగాడు. "నువ్వే కదా... చెప్పు!"

"నాకేం తెలుసండీ? ఏదో రంగులద్దేదాన్ని."

అత్తగారి చెయ్యి పట్టుకుని నీలంలో దాక్కున్న తలుపు మీద పెట్టింది. సంచిలోంచి కాగితపు చుట్ట తీసి చీఫ్ ఇంజనీరు ముందు విప్పింది. రెండో వైపు. ప్రతి తలుపు మీదా పసుపు, మూలన ఆమె పేరు. ఇంజనీరు చెయ్యి చాచేలోపు మళ్లీ చుట్టేసింది.

"మొదటి వైపు కాగితం మీద పేరు మార్చి తెండి. అప్పుడిస్తాను."

ఫొటోలవాళ్లు భర్త వైపు తిరిగారు. కాలరు మీద ఒక్క ముడతా లేదు.