దావియా చెరపనివ్వని కోడ్

జందూబా స్టాండు నుంచి ఐన్ దరాహం కొండ మీదికి వ్యాన్లు నడిపే మా అందరిలో ఆడమనిషి దావియా ఒక్కతే. మొగుడికి నడుము పడిపోయాక ఆయన బండి తాళాలు తను తీసుకుంది. ఆమె బండి ఆగిందంటే మాలో కొందరికి పండగ.

ఆ చలికాలం ఆమె బండి డ్యాష్‌బోర్డులో ఇంజన్ లైటు వెలిగింది. ఎత్తు వచ్చేసరికి బండికి ఊపిరి అందేది కాదు. మెకానిక్ ముంజీ స్కానర్ తగిలించి, పీ-0101 కోడ్ వచ్చిందని, గాలిని కొలిచే సెన్సర్ పోయిందని చెప్పి కొత్తది వేశాడు. నాలుగు రోజులకే లైటు మళ్లీ వెలిగింది.

స్టాండు పెద్ద అమార్‌కి ఆమె వంతు తన బావమరిదికి ఇప్పించాలని ఎప్పటినుంచో ఉంది. ఆడవాళ్లకు కొండ మీద గేరు మార్చడం రాదని, బండిని పాడుచేసింది ఆమేనని అందరి ముందూ అన్నాడు. లైటు ఆరి, సర్కారు వాళ్ల బండి తనిఖీలో పాసయ్యేదాకా ఆమె బండిలో జనాన్ని ఎక్కించనని తేల్చేశాడు.

ముంజీ ఆమెను పక్కకు పిలిచి, తనిఖీ రోజు పొద్దున్నే కోడ్ చెరిపేస్తానని, లైటు మళ్లీ వెలిగేలోపు పాసైన కాగితం చేతికొస్తుందని చెప్పాడు. మా దగ్గర అదేం కొత్త సంగతి కాదు.

దావియా ఒప్పుకోలేదు.

“లైటు పోతుంది సరే, రోగం పోతుందా? వెనకాల లారీ ఉండగా మలుపులో బండి చతికిలబడితే ఎవరు దిక్కు?”

“నన్నేం చెయ్యమంటావక్కా? సెన్సర్ కొత్తదేగా.”

“ఆ కోడ్ ఏమంటోందో ఉన్నది ఉన్నట్టు చదువు. నీకు తోచింది వద్దు.”

ముంజీ విసుక్కుంటూనే చదివాడు. సెన్సర్ చెడిందని అక్కడ లేదు. అది కొలిచిన గాలికీ, ఇంజన్‌కు అందాల్సిన గాలికీ పొంతన కుదరడం లేదని ఉంది. కాసేపు ఆలోచించి, సెన్సర్ దాటాక గొట్టం ఎక్కడైనా చిరిగితే కొలవని గాలి లోపలికి దూరుతుందని, అప్పుడూ ఇదే కోడ్ రావచ్చని తనే అన్నాడు. తడిమి చూస్తే గొట్టం బాగానే ఉంది.

“ఇక్కడ బాగానే ఉంటుంది. పేచీ అంతా ఎత్తెక్కేటప్పుడేగా,” అంది దావియా.

చక్రాలకు రాళ్లు పెట్టించి, బండెక్కి బ్రేకు తొక్కిపట్టి, గేరు వేసి క్లచ్ కాస్త వదిలింది. ఇంజన్ మూలిగి ఒక పక్కకు ఒరిగింది. టార్చి పట్టుకుని వంగిన ముంజీకి రబ్బరు గొట్టం అడుగున, మడతలో, చీలిక నోరు తెరుచుకోవడం కనబడింది. ఇంజన్ నెమ్మదించగానే అది మూసుకుంది.

కొత్త గొట్టం బిగించాక ముంజీ స్కానర్ అందుకున్నాడు. ఇప్పుడైనా చెరపనిమ్మన్నాడు. నిజంగా బాగైతే దానంతటదే ఆరుతుందని, ఆరాకే జనాన్ని ఎక్కించుకుంటానని ఆమె అడ్డం పడింది. సీట్ల నిండా ఇసుక బస్తాలు వేసుకుని వానలోనే కొండెక్కింది. మేం నవ్వాం. మర్నాడూ ఎక్కింది. బండి ఎక్కడా మందగించలేదు. కొన్నాళ్లకు లైటు ఎవరూ ముట్టుకోకుండానే ఆరిపోయింది. తనిఖీలో పాసైంది.

ఆ మధ్యాహ్నం స్టాండుకు వచ్చేసరికి ఆమె చోటులో అమార్ బావమరిది వ్యాను ఉంది. దావియా తన బండిని దానికి అడ్డంగా ఆపి దిగింది. లైటు మళ్లీ వెలగదని నమ్మకమేంటని అమార్ నిలదీశాడు.

“వెలిగితే మళ్లీ చూపించుకుంటా. చెరిపించుకుని తిరిగే బండ్లు ఎవరెవరివో ఇక్కడే చెప్పమంటావా అన్నా?”

బావమరిది తన వ్యాను వెనక్కి తీశాడు. కోళ్ల బుట్టతో ఒక ముసలావిడ అందరికంటే ముందు దావియా పక్క సీటెక్కి తలుపేసుకుంది. ఐన్ దరాహం, ఐన్ దరాహం అని దావియానే కేక వేసి జనాన్ని పిలిచింది.