తప్పు లేని దెబ్బ

ఒరెస్ట్ బారన్ ఐస్ హాకీలో పన్నెండు సీజన్లు డిఫెండరుగా ఆడాడు. అందులో నాలుగు పెద్ద లీగులో, మిగిలినవన్నీ రాత్రంతా బస్సులో కూర్చుని ఊళ్లు తిరిగే చిన్న లీగుల్లో. మొత్తం మీద కొట్టిన గోల్స్ పంతొమ్మిది. ఎవరైనా ఆ సంగతెత్తితే, "నన్ను పెట్టుకుంది గోల్స్ కొట్టడానికి కాదు, కొట్టేవాళ్ల పని పట్టడానికి" అని నవ్వేవాడు. ముక్కు మూడుసార్లు విరిగింది. ముందు పళ్లు నాలుగు రాలిపోయాయి. అవన్నీ ముచ్చటగా చెప్పుకునేవాడు. డూగల్ ఫిన్నీ సంగతి మాత్రం తనంతట తానుగా ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తే అవసరమూ లేదు. వాళ్ల ఊరు మూస్ జా చుట్టుపక్కల అది తెలియనివాళ్లు లేరు.

అది జరిగినప్పుడు ఒరెస్ట్‌కు ఇరవై ఆరేళ్లు. పెద్ద లీగులో అది నాలుగో ఏడు. ఎదుటి జట్టులో ఆడుతున్న డూగల్‌కు ఇరవై ఒకటి. పక్, అంటే ఆడే రబ్బరు బిళ్ల, మూలకు జారిపోయింది. దానికోసం ఇద్దరూ దూసుకెళ్లారు. ఒరెస్ట్ అంతకుముందు వెయ్యిసార్లు తోసినట్టే భుజం ఆనించి తోశాడు. సరిగ్గా ఆ క్షణంలోనే డూగల్ స్కేటు మంచులో దిగబడింది. తల వెళ్లి మైదానం చుట్టూ ఉండే గోడకు తగిలింది. రిఫరీ ఈల వెయ్యలేదు, తప్పేమీ జరగలేదు కనక. ఆట ఇంకాసేపు సాగింది కూడా. కింద పడ్డవాడు లేవకపోవడం ముందుగా చూసింది ఒరెస్టే.

డూగల్‌కు మెడ కింద ఏదీ కదలలేదు. ఆ తరవాత మరెప్పుడూ కదలలేదు.

ఒరెస్ట్ ఆసుపత్రికి వెళ్లి మంచం పక్కన నిలబడితే, పడుకున్నవాడే పలకరించాడు. "కూర్చోరా. లేచి కుర్చీ వెయ్యమంటావా ఏంటి?"

మళ్లీ మంచు మీదికి దిగాక ఒరెస్ట్ భుజం పని చెయ్యడం మానేసింది. గోడ దగ్గరికి వచ్చేసరికి కాళ్లు వాటంతటవే వెనక్కి తగ్గేవి. ఎదుటి ఆటగాళ్లు వారంలోనే పసిగట్టారు. "మర్యాదస్తుడు వచ్చాడు, ఏమీ అనడు, పదండ్రా!" అని మొహం మీదే నవ్వేవాళ్లు. కోచ్ గదిలోకి పిలిచి, "ఆ భుజం ఇంట్లో వదిలేసి వచ్చావా?" అని అడిగాడు.  మరుసటి ఏడాది చిన్న లీగుకు పంపేశారు. అక్కడ ఇంకో ఆరేళ్లు ఈడ్చి, ముప్పై రెండో ఏట స్కేట్లు విప్పేశాడు. ఇంటికొచ్చి, గోధుమలు తోలే లారీ ఎక్కాడు.

అప్పటినుంచీ ప్రతి మంగళవారం డూగల్ ఇంటికి వెళ్లేవాడు. అతనికి గడ్డం గీసేవాడు. ఇద్దరూ కలిసి టీవీలో ఆట చూసేవాళ్లు. కత్తి బుగ్గ మీద ఉండగానే డూగల్ తిట్లు లంకించుకునేవాడు. "ఆ మోకాలికి నూనె పొయ్యరా ముసలోడా, దాని చప్పుడుకు కామెంటరీ వినబడ్డం లేదు."

ఈ ఫిబ్రవరిలో డూగల్‌కు మళ్లీ న్యుమోనియా వచ్చింది. వరసగా ఇది మూడో చలికాలం. వెంటనే ఆసుపత్రిలో చేర్చి ఊపిరాడటానికి గొంతులో గొట్టం వేస్తే గట్టెక్కవచ్చని డాక్టరు అన్నాడు. డూగల్ వద్దన్నాడు. వద్దంటూ సాక్షుల ఎదుట కాగితం కూడా రాయించేశాడు. వాళ్ల అక్క ఆడ్రీ మంగళవారం మధ్యాహ్నం ఒరెస్ట్‌కు ఫోను చేసింది.

అతను వచ్చి వాళ్ల వంటింటి గుమ్మంలో బూట్లు విప్పుతుంటే ఆమె అక్కడే నిలబడింది. "నా మాట చెవిన వేసుకోవడం లేదు. నువ్వు చెబితే వింటాడు. ఎలాగైనా ఒప్పించు, ఒరెస్ట్. నీకు దణ్ణం పెడతా."

లోపల మంచం మీద డూగల్ ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీలో తడి చప్పుడవుతోంది. "అక్క పంపిందా?"

"అవును. నేనూ అదే అంటున్నా. పద. పదిరోజుల పని."

"నిరుడు కూడా పదిరోజులే అన్నారు. ముప్పై ఆరు రోజులు పడుకోబెట్టారు. గొంతులో గొట్టం పెట్టుకుని నిన్ను తిట్టడానికి కూడా లేదు."

"తరవాత తిడుదువుగానిలే. రా, నా కోసం."

ఆ మాట నోరు దాటాక ఒరెస్ట్‌కే సిగ్గేసింది. డూగల్ కళ్లు కిటికీ వైపు తిప్పాడు.

"నీ కోసమేరా ఇన్నేళ్లూ లాక్కొచ్చింది. నేను పోతే నువ్వేమైపోతావోనని. అబద్ధం కాదు. ఇక నా వల్ల కావడం లేదు."

ఒరెస్ట్ మరి ఆలోచించలేదు. వంగి, దుప్పటితో సహా అతన్ని చేతుల మీదికి ఎత్తుకున్నాడు. చిన్నపిల్లాడంత బరువు కూడా లేడు. వాకిట్లో లారీ ఉంది. ఆసుపత్రి పావుగంట దూరం. గుమ్మం దాకా వచ్చేశాడు. ఆడ్రీ అప్పటికే తలుపు తీసి పట్టుకుంది.

డూగల్ అరవలేదు. "ఆ రోజు మంచు మీదంటే నాకు చెప్పే టైము లేదు," అన్నాడు, ఊపిరికీ ఊపిరికీ మధ్య. "ఇప్పుడు చెబుతున్నా. వద్దు. దించు."

తెరిచిన తలుపులోంచి చలి లోపలికి కొడుతోంది.  ఒరెస్ట్ ముందుకు ఒక అడుగు వెయ్యాలని చూశాడు, పడలేదు. వెనక్కి నడిచి, మంచం మీద పడుకోబెట్టి, తల కింద దిండు సర్దాడు. ఆడ్రీ తలుపు వెయ్యడం మరిచిపోయి అలాగే నిలబడిపోయింది.

డూగల్ గురువారం తెల్లారాక పోయాడు. రెండు రోజులూ ఒరెస్ట్ మంచం పక్క కుర్చీలోనే ఉన్నాడు. ఇంటికొచ్చే నర్సు మందు చుక్కలు వేస్తుంటే డూగల్ తల ఎత్తి పట్టుకున్నాడు. పెదాలు తడిపాడు. చెయ్యగలిగింది అంతే.

అంత్యక్రియలయ్యాక చర్చి కింది గదిలో అందరూ శాండ్‌విచ్‌లూ కాఫీ తీసుకుంటున్నారు. డూగల్‌తో ఆడిన వాళ్లు నలుగురైదుగురు వచ్చి ఒరెస్ట్ వీపు తట్టారు. "నీ తప్పేం లేదయ్యా," అన్నారు. ఇరవై ఎనిమిదేళ్లుగా అంటున్న మాటే.

ఆడ్రీ అందరూ పక్కకు వెళ్లేదాకా ఆగి దగ్గరికొచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె మొహం ఉబ్బిపోయింది.

"ఎత్తావు కదా," అంది మెల్లగా. "గుమ్మం దాకా తెచ్చావు. నేను తలుపు తీసి పట్టుకున్నా. ఎందుకు దించావు?"

"వాడు దించమన్నాడు, ఆడ్రీ."

"నాకు తెలుసు," అంది ఆమె. "నేనూ విన్నాను." అయినా అతని మొహంలోకి అలాగే చూస్తూ నిలబడింది, ఇంకో జవాబు వస్తుందేమోనని.  ఒరెస్ట్ చేతిలో కాఫీ చల్లారిపోతోంది. అది ఎక్కడ పెట్టాలో కూడా అతనికి తోచలేదు.