ఏడేసి పీపాల వరసలు

మంచుప్రాంతంలోని పరిశోధన శిబిరానికి ఇంధనం చేరవేసే షావుకారు, తనంత జాగ్రత్తపరుడు భూమ్మీద లేడనుకునేవాడు. పోయిన సీజనులో ఖాళీ పీపాలన్నీ వెనక్కి తెచ్చేశానని కాగితం మీద సంతకం పెట్టాడు. తేలేదు. ఓడలో ఆ చోటుకు వేరే సరుకు ఎక్కించుకుని, పీపాలను సీళ్ళనే సముద్ర జంతువులు పిల్లలు పెట్టే ఒడ్డున మంచులో పాతించాడు. పాతించడంలోనూ ఏడేసి చొప్పున ఆరు వరసలు. పారేసేదైనా లెక్కకు అందాలి కదా. పైన మనిషెత్తు మంచు కురిసింది. షావుకారు నిశ్చింతగా నిద్రపోయాడు.

ఈ ఏడు రాడార్ విమానం వచ్చింది. అది తీసే బొమ్మలు చదివే ఉద్యోగంలో అతని మేనకోడలే దిగింది. మబ్బూ చీకటీ రాడార్‌కి అడ్డు కావని, పొడిమంచైతే లోపలికీ చూస్తుందని, ఇనుము తగిలితే తెల్లగా మెరుస్తుందని చెప్పింది. అయితే ఏదీ దాగని మీ అత్తయ్య కళ్ళకు రెక్కలొచ్చాయన్నమాట అని షావుకారు నవ్వాడు. నవ్వు సగంలో ఉండగా ఇనుము మెరుస్తుందన్న మాట బుర్రకెక్కింది.

మూడోనాడు హీటరు పక్కన షావుకారూ, మేనకోడలూ, శిబిరం పెద్దా తెర ముందు కూర్చున్నారు. వచ్చే సీజను సరఫరా ఒప్పందం శిబిరం పెద్ద సంతకం కోసం బల్లమీదే ఉంది. తెరమీద, సీళ్ళ ఒడ్డున, తెల్లటి చుక్కలు. ఎప్పుడో ఇక్కడ మకాం వేసిన పాత బృందం వదిలేసిన చెత్తేమో అన్నాడు పెద్ద. షావుకారు ప్రాణం లేచొచ్చింది. ముఖమైనా చూడని ఆ బృందాన్ని శుభ్రత లేని మనుషులని నాలుగు తిట్టాడు కూడా.

"ఎవరివైతేనేం, లోపల మిగిలిన నూనె కారితే సీళ్ళ పిల్లలకి ముప్పు. తవ్వి తీయాల్సిందే," అంది మేనకోడలు. "మొత్తం నలభై ఒకటి. రాసుకోండి."

"నలభై రెండు," అన్నాడు షావుకారు.

నోరు మూసుకుంటే ఒప్పందం దక్కేది. కానీ తన సరుకు ఒకటి తక్కువ చెబితే ఊరుకున్న రోజు అతని జన్మలో లేదు.

"చివరి వరసలో ఆరే కనిపిస్తున్నాయి మామయ్యా."

"ఏడోది సొట్టపోయి నిలబడలేదమ్మా. పడుకోబెట్టించాను."

శిబిరం పెద్ద ఒప్పందాన్ని మడిచి సొరుగులో పడేశాడు. ముందు నలభై రెండూ బయటికి రావాలి, తర్వాత సంగతి తర్వాత చూద్దామన్నాడు.

షావుకారు తొమ్మిది రోజులు పార పట్టి తవ్వాడు. మేనకోడలిచ్చిన బొమ్మ జేబులోంచి తీయలేదు; వరసలు అతనికి కంఠతా వచ్చు. నలభై రెండోది చెప్పిన చోటే, పడుకునే దొరికింది. రాడార్ కన్నా తన లెక్కే గట్టిదని పొంగిపోయి, మెచ్చుకునేవాళ్ళ కోసం చుట్టూ చూశాడు. సీళ్ళు తప్ప ఎవరూ లేరు. అవి కూడా అటు తిరిగి పడుకున్నాయి.